గొంతు తగ్గించే దీపం

మా అత్తగారి పాటలున్న క్యాసెట్ సంగతి మా బంధువుల్లో తెలియనివాళ్ళు లేరు. దాన్ని నేనెంత భద్రంగా దాచానో తెలియనివాళ్ళూ లేరు. ఎందుకంటే ఆ ముక్క కనపడిన వాళ్ళందరికీ నేనే చెబుతూ వచ్చాను గనక. పట్టుచీరల మడతల్లో, కలరా ఉండల పక్కన, జాకెట్టు గుడ్డలో చుట్టి నలభై ఏళ్ళుగా బీరువాలో పెట్టుకున్నాను. ఎవరైనా వస్తే తీసి, వినిపించి, మళ్ళీ చుట్టి లోపల పెట్టేసేదాన్ని. "మాకూ ఒక కాపీ తీయించి ఇవ్వవే" అంటే మాత్రం, "అమ్మో! పాత టేపు, మాటిమాటికీ తిప్పితే తెగిపోతుంది" అనేదాన్ని. అది ఎంతవరకు నిజమో నాకు తెలియదు. తెలుసుకోవాలని నేను ప్రయత్నించనూ లేదు.

అందులో ఆఖరిది అప్పగింతల పాట. మా అత్తగారు ఆ పాట ఎత్తుకుంటే పందిట్లో మగవాళ్ళు కూడా కండువా అంచుతో కళ్ళు ఒత్తుకునేవారు. పాటకి నాలుగు చరణాలు. క్యాసెట్లో మూడే వినపడతాయి. "నాలుగోది ఏదమ్మా?" అని అడిగినవాళ్ళకి నా జవాబు ఒకటే - "టేపు అయిపోయింది."

ఈలోగా ఆ నాలుగో చరణం వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మా అత్తగారు 1993లో పోయారు. మా పెద్దాడపడుచుకి వచ్చేది. ఆవిడకిప్పుడు పాట మాట అటుంచి, మా పేర్లే గుర్తుండటం లేదు. మిగిలిందల్లా నా బీరువాలోని క్యాసెట్, నా నోట్లోని ఆ మూడు ముక్కల జవాబూను... మూడు కూడా కాదు, రెండే ముక్కలు!

మొన్న మాఘమాసంలో మా తోడికోడలు అమలాపురం నుంచి ఫోన్ చేసింది.

"చెల్లాయ్, మా మనవరాలి పెళ్ళి కుదిరింది. అప్పగింతలకి పాడేవాళ్ళు ఎవరూ లేరే. సినిమా పాట పెట్టిస్తామన్నాడు పెళ్ళివీడియో కుర్రాడు. ఇదేమో 'కాదు, ముత్తవ్వ పాటే పెట్టాలి' అంటోంది. ఆ క్యాసెట్ కాస్త బాగుచేయించి ఇవ్వు. మీ అమ్మాయి చేసే పని అదేగా!"

'కాదు' అనడానికి నాకు నోరు రాలేదు. మునిమనవరాలు ముచ్చటపడి అడిగితే తెగిపోతుందని ఎలా చెప్పను?

మా అమ్మాయి హైదరాబాదులో ఉంటుంది. దాని ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే "పాటలు రికార్డు చేస్తుంది" అని చెబుతాను. "రికార్డింగ్ కాదమ్మా, మిక్సింగ్" అని అది దిద్దుతూ ఉంటుంది. మిక్సీ తప్ప మిక్సింగ్ ఎరగని దాన్ని, నాకేం తెలుస్తుంది చెప్పండి? ఎవరో పాడినదాన్నీ ఎవరో వాయించినదాన్నీ దగ్గర పెట్టుకుని, ఏది ఎంత వినపడాలో సర్దుతుందట. ఇంట్లో ఇల్లాలు చేసే పనే అని సరిపెట్టుకున్నాను.

మావారూ నేనూ కాకినాడలో గౌతమి ఎక్కి హైదరాబాదు వెళ్ళాం. క్యాసెట్ నా చేతిసంచీలోనే ఉంది. రాత్రంతా సంచీ తలకింద పెట్టుకుని పడుకున్నాను.

దాని పనిగది చూస్తే మా ఊళ్ళో పరుపుల కొట్టు జ్ఞాపకం వచ్చింది. గోడల నిండా స్పాంజి పలకలు, మూలమూలలా బొంతల్లాంటి దిండ్లు. మధ్యలో బల్ల, కంప్యూటరు, రెండు స్పీకర్లు. ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన క్యాసెట్ ప్లేయరు బల్లమీద పెట్టి, స్పిరిట్‌లో దూది ముంచి లోపలంతా తుడిచింది.

"ముందు క్యాసెట్ మొత్తం ఒకసారి కంప్యూటర్లోకి ఎక్కించేస్తానమ్మా. అది తిరుగుతూ ఉంటుంది, మనం భోంచేద్దాం పద."

"మొత్తం ఎందుకే? ఆఖరి పాటలో మూడో చరణం అవగానే ఆపెయ్. ఆ తరవాత ఏమీ లేదు."

"లేకపోతే లేదు. చివరిదాకా తిరిగితే దాని సొమ్మేం పోయింది?"

అది గోంగూర పప్పు చేసింది. నాకు ముద్ద దిగలేదు. ఎందుకో తరవాత చెబుతాను.

మధ్యాహ్నం కూర్చోబెట్టి మొదటి చరణం వినిపించింది. మా అత్తగారు మైకు ముందు కూర్చుని పాడిన మనిషి కాదు. 1986లో ఒక ఆదివారం పొద్దున వంటింటి గుమ్మంలో కూర్చుని, ఒళ్ళో చేట పెట్టుకుని, మునగాకు దూస్తూ పాడారు. గొంతు పైకి వెళ్ళినప్పుడు ఇల్లంతా ఖంగుమంటుంది. ఆకు చేటలో పోయడానికి అటు తిరిగితే మాటే వినపడదు. ఆ రోజుల టేప్ రికార్డర్లలో ధ్వనిని వాటంతటవే సర్దుకునే ఏర్పాటు ఉండేదట గాని, తల అటూ ఇటూ తిప్పుతూ పాడే మనిషి వెంట అది పరుగెత్తలేకపోయింది.

"పెళ్ళి పందిట్లో ఇది ఇలాగే పెడితే పైచరణం చెవులు చిల్లులు పొడుస్తుంది, కింద చరణం పిల్లల గోలలో కొట్టుకుపోతుంది" అంది మా అమ్మాయి. మౌసు పట్టుకుని, మరీ తగ్గిన చోట కొంచెం ఎత్తి, మరీ లేచిన చోట కొంచెం దించింది. "ముతక పని చేత్తో చేశాను. సన్నపని దీంతో" అంటూ తెరమీదికి ఒక బొమ్మ తెచ్చింది.

వెండి రంగు పలక. నడుమ ముల్లున్న మీటరు. అటొకటి, ఇటొకటి పెద్ద గుండ్రటి మీటలు. అచ్చం మా నాన్నగారి కాలం నాటి రేడియోలా ఉంది. దాని పేరు ఎల్‌.ఏ.-2ఏ అట.

"ఎడమది గొంతు పెంచడానికి. కుడిది, ఎగిరిపడే గొంతుని ఎంత అణచాలో చెప్పడానికి. పక్కన చిన్న చిన్న స్విచ్చిలు తప్ప ఇంకేం లేవు" అంది.

"రెండేనా? మా బట్టలుతికే మిషన్‌కే పద్నాలుగున్నాయి!"

"అందుకేనమ్మా ఇది అరవై ఏళ్ళు దాటినా బతికుంది" అని నవ్వి దాని కథ చెప్పుకొచ్చింది. నాకు అర్థమైనంత మీకూ చెబుతాను.

ఆ పెట్టె పుట్టినిల్లు అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని పాసడీనా. 1960ల తొలినాళ్ళలో జిమ్ లారెన్స్ అనే ఇంజనీరు తన టెలిట్రానిక్స్ కంపెనీలో దాన్ని తయారుచేశాడు. అప్పట్లో రేడియో ప్రసారం జరుగుతున్నంతసేపూ ఒక మనిషి మీట మీద చెయ్యి వేసుకుని కాచుకుని కూర్చోవలసి వచ్చేది. గొంతు హద్దు దాటితే ప్రసారం చెడిపోతుంది. మరీ తగ్గితే వినేవాళ్ళకి గరగరే మిగులుతుంది. పొయ్యిమీద పాలు పెట్టి కదలకుండా నిలబడటం లాంటి ఉద్యోగమన్నమాట. నిలబడేవాడు ఎంత కనిపెట్టుకున్నా పాలు వాడి రెప్పపాటులోనే పొంగుతాయి. ఆ కాపలా పని దానంతటదే జరిగే మార్గం వెతికాడు లారెన్స్. అంతకుముందు ఆయన టైటాన్ క్షిపణుల పథకంలో కాంతిని పసిగట్టే పరికరాల మీద పనిచేసి ఉన్నాడు. ఆ వెలుగు విద్యనే తెచ్చి పాటకి పెట్టాడు.

పెట్టె లోపల ఒక చిన్న డబ్బా ఉంటుంది. అందులో ఒక వెలిగే పలక. దానికెదురుగా కాడ్మియం సల్ఫైడ్‌తో చేసిన ఒక ముక్క. గొంతు ఎంత పెరిగితే పలక అంతగా వెలుగుతుంది. వెలుగు పడేకొద్దీ ఎదుటి ముక్క కరెంటుకి అడ్డు తగ్గించి దారి ఇస్తుంది. ఆ దారిన పాటలో కొంత పక్కకి జారిపోతుంది. మా కోనసీమలో పంటకాలవకి నీరు ఎక్కువైతే పక్క తూము ఎత్తి మురుగుకాలవలోకి వదులుతారే, అలాగన్నమాట. గట్టు తెగదు, చేను మునగదు.

గొంతు పెరిగితే దీపం పెరుగుతుంది. దీపం పెరిగితే గొంతు తగ్గుతుంది. ఇంత చిన్న సంగతికి అమెరికా దాకా వెళ్ళాలా అనిపించింది నాకు. మావారు గొంతు పెంచినప్పుడల్లా నేను లేచి వీధి గదిలో పెద్దలైటు వేసేదాన్ని. కిటికీలోంచి ఎదురింటివాళ్ళు చూస్తారని ఆయనే తగ్గిపోయేవారు. ఈ మాట పైకే అన్నాను. మూల కుర్చీలో పేపరు చదువుకుంటున్న ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నారు.

1967కల్లా ఆ పెట్టె బిల్ పుట్నమ్ అనే స్టూడియో ఆయన కంపెనీ చేతికి వచ్చింది. రేడియో కోసం పుట్టినది పాటల స్టూడియోల్లో స్థిరపడిపోయింది. ఇప్పుడు అసలు పెట్టెలు కొనాలంటే బంగారం కొన్నట్టేనట. అందుకని అది ఎలా నడుచుకుంటుందో లెక్కగట్టి కంప్యూటర్లో నకలు చేసి అమ్ముతున్నారు.

"అయితే ఇందులో దీపం లేదూ?" అన్నాను కాస్త నిరాశగా.

"దీపం లేదు. దీపం గుణం ఉంది" అంది.

ఆ గుణం గురించే మీకు చెప్పాలని ఇదంతా రాస్తున్నాను.

గట్టి మాట పడిన తరవాత అది సుమారు సెకనులో నూరోవంతు కాలానికి గాని గొంతు అణచదు. అంచేత పలుకు మొదటి అంచు తెగిపోదు. మనిషి మాట మనిషి మాటలాగే ఉంటుంది. అసలు విశేషం వదలడంలో ఉంది. గట్టి మాట అయిపోయాక అణచి పెట్టిన దాంట్లో సగం 60 మిల్లీసెకన్లలో, అంటే రెప్ప వేసి తెరిచేలోగా, వదిలేస్తుంది. మిగతా సగం మాత్రం వెంటనే వదలదు. అరసెకను పట్టొచ్చు, అయిదు సెకన్లు పట్టొచ్చు. అంతకుముందు పడిన వెలుగు ఎంత పెద్దది, ఎంతసేపు పడింది అన్నదాన్ని బట్టి ఉంటుందట. వెలుగు పోయినా, వెలుగు చూసిన సంగతి ఆ ముక్క మరిచిపోదు.

"మిట్టమధ్యాహ్నం ఎండలోంచి నడిమింట్లోకి వస్తే ఏమవుతుందమ్మా? గడప దాటగానే కాస్త తెలుస్తుంది. మూలనున్న బిందె కనపడాలంటే ఇంకాసేపు పడుతుంది. ఎండలో ఎంతసేపు తిరిగితే అంతసేపు. ఇదీ అంతే."

నాకు ఎండా, బిందే గుర్తు రాలేదు. కోపం గుర్తొచ్చింది. మన కోపాలు మాత్రం ఇంతే కదూ? సగం రెప్పపాటులో పోతుంది. కాఫీ కలిపి ఇచ్చేస్తాం, అన్నం వడ్డించేస్తాం. మిగతా సగం ఉందే, అది ఎన్నాళ్ళకి పోతుందో దాని ఇష్టం.

తేడా తెలియడానికి మా అమ్మాయి ఇంకో పెట్టె బొమ్మ తెచ్చి రెండో చరణానికి తగిలించింది. 1176 అని, అది 1960ల చివర వచ్చిందట. దీపం లేదు, ట్రాన్సిస్టర్లు. మహా చురుకు. సెకనులో యాభైవేలో వంతులోనే గొంతు అందుకోగలదు, వదలడం అంత వేగంగా కాకపోయినా చురుగ్గానే వదిలేయగలదు. పెట్టి వినిపిస్తే, మాటకీ మాటకీ మధ్య టేపులోని సుయ్యిమనే చప్పుడు గుప్పున లేచి పడుతోంది. మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతూ పాడుతున్నట్టుంది. "ఇది మంచిదే, డప్పు దెబ్బకి పెడితే అదిరిపోతుంది. నాయనమ్మకి కాదు" అని తీసేసింది.

మళ్ళీ దీపం పెట్టె పెట్టింది. కుడి మీట కొద్దికొద్దిగా తిప్పుతూ, పైస్థాయిలో గొంతు ఖంగుమన్నప్పుడల్లా ముల్లు నాలుగైదు డెసిబెళ్ళు వెనక్కి ఒరిగేలా చేసి ఆపింది. ఎడమ మీటతో మొత్తం కాస్త ఎత్తింది. ఏం చెప్పను! చెయ్యి వేసి ఆపినట్టు లేదు, బుజ్జగించినట్టుంది. ఆవిడ అటు తిరిగినప్పుడు కూడా ప్రతి మాటా తెలుస్తోంది. మునగాకు రెమ్మ దూసిన చప్పుడు, గాజుల చప్పుడు, ఊపిరి తీసుకోవడం, అన్నీ పైకొచ్చాయి. మా అత్తగారు ఆ గదిలోనే, నా మోకాలి పక్కన కూర్చున్నట్టుంది.

"మరి ఇంకాస్త తిప్పవే, ఇంకా బాగుంటుందేమో" అన్నాను ఆశకొద్దీ. తిప్పి చూపించింది. పాటా, ఫ్యానూ, టేపు చప్పుడూ అన్నీ ఒకే ఎత్తున నిలబడ్డాయి. ఇడ్లీపిండీ దోసెపిండీ గారెలపిండీ కలిపి రుబ్బేసినట్టయింది. "పెద్దగొంతుని అణిచేకొద్దీ చిన్న చప్పుళ్ళు పైకొస్తాయమ్మా. ఏవి రావాలో, ఏవి రాకూడదో అది చూసుకోదు. ఎక్కడ ఆపాలో మనమే తెలుసుకోవాలి" అంటూ వెనక్కి తిప్పేసింది.

అప్పుడే నా గుండెల్లో రాయి పడింది. మూడో చరణం నడుస్తోంది.

భోజనం దగ్గర ముద్ద ఎందుకు దిగలేదో ఇప్పుడు చెప్పాలి. టేపు అయిపోలేదు. ఎప్పుడూ అయిపోలేదు. మూడో చరణం ముగిసీ ముగియగానే, ఈ నలభై ఏళ్ళూ, నేనే లేచి మీట నొక్కుతూ వచ్చాను. కాపీ ఇవ్వనిది కూడా అందుకే.

ఆ ఆదివారం ఇంట్లో పదకొండు మంది చుట్టాలు. నేను తెల్లవారుజామున నాలుగింటికి లేచి పొయ్యి దగ్గర నిలబడ్డదాన్ని. చంకలో ఏడాది పిల్ల, దానికి ఒళ్ళు వెచ్చగా ఉంది. ఆ టేప్ రికార్డరు మా తమ్ముడు దుబాయి నుంచి నాకోసం తెచ్చాడు. ఎందుకంటే పెళ్ళికి ముందు నేను వర్ణాల దాకా సంగీతం నేర్చుకున్నాను. అందరూ మా అత్తగారి చుట్టూ చేరి "ఇది పాడండి, అది పాడండి" అంటున్నారు. గంట అయింది. ఒక్కరంటే ఒక్కరు, "నువ్వూ వచ్చి ఒకటి పాడు" అనలేదు. పిల్లని ఆవిడ పక్కన దించేసి వంటింట్లోకి వెళ్ళాను. మూడో చరణం అయింది. "ఆహా" అన్నారెవరో. అంతే, గుమ్మంలోకొచ్చి, రికార్డరు అక్కడే ఉందని కూడా చూడకుండా...

స్పీకర్లలోంచి నా గొంతు వచ్చింది.

"పాటలిక చాలు లెండి! అక్కడ పప్పు మాడిపోతోంది, ఇక్కడ పిల్ల ఏడుస్తోంది! నాకేమైనా పది చేతులున్నాయా?"

ముప్ఫై ఏళ్ళ గొంతు. కత్తిలా ఉంది. మీటరు ముల్లు ఒక్క దూకు దూకి వెనక చివర పడింది. మా అమ్మాయి నావైపు చూడలేదు. మర్యాదస్తురాలు, తెరనే చూస్తోంది. ఆపమందామని చెయ్యి ఎత్తాను. ఇంతలో అది "ఉండమ్మా" అంది.

ముల్లు తిరిగి వస్తోంది. ముందు సగం చటుక్కున వచ్చేసింది. మిగతా సగం మెల్లిగా, మెల్లిగా. దాంతోపాటే, చీకటి గదిలో కంటికి బిందె ఆనినట్టు, ఒక్కొక్క చప్పుడే పైకొస్తోంది. ఫ్యాను గాలి. ఎవరో లేచి వెళ్ళిన అడుగులు. చేటలో ఆకు సర్దిన చప్పుడు. పసిపిల్ల ఏడుపు.

"అది నేనేనా?" అంది మా అమ్మాయి.

ఏడుపు తగ్గింది. పిల్లని ఎవరో ఒళ్ళోకి తీసుకున్నారు. గాజులు కదిలాయి. ఆ తరవాత, వినపడీ వినపడనంత సన్నగా, పిల్లకి తప్ప ఇంకెవరికీ కాదన్నట్టుగా, మా అత్తగారు నాలుగో చరణం ఎత్తుకున్నారు.

మొత్తం ఉంది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా. ఆ చరణంలో ఏముంటుందో మీలో పెద్దవాళ్ళకి తెలిసే ఉంటుంది. అప్పగింతల పాటల్లో అలవాటుగా వచ్చే సంగతే. పిల్ల తల్లి వియ్యపురాలి చెయ్యి పట్టుకుని, దీనికింకా వయసు చిన్నది, తొందరపడి నోరు జారితే కడుపులో పెట్టుకోండి అని అడగడం. మా అత్తగారు నన్ను ఉద్దేశించి పాడారని నేననను. పాటలో తరువాతి చరణం అదీ, ఆవిడ పాడుకున్నారు. నేనప్పుడు వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తూ ఉన్నాను. ఆ చప్పుడు కూడా ఉంది టేపులో.

మా అమ్మాయి ఒకసారి ఆ పెట్టె తీసేసి మళ్ళీ వినిపించింది. నా అరుపు, దాని తరవాత ఉత్త సుయ్యిమనే చప్పుడు. అంతే. నేను మీట నొక్కకుండా ఉన్నా ఎవరికీ ఏమీ వినపడి ఉండేది కాదేమో.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. "నాకు తెలియదే, ఆవిడ పాడారని" అన్నాను చివరికి. "టేపు అయిపోయిందని అందరికీ..."

"అయిపోలేదని మాకు తెలుసుగా" అన్నారు మావారు పేపరు దించకుండా. "ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను."

నిజమే. ఈయన ఉన్నారు. మా తోడికోడలు ఉంది. ఆడపడుచులున్నారు. పదకొండు మంది విన్నారు నా మాట. నలభై ఏళ్ళలో నేను "టేపు అయిపోయింది" అన్నప్పుడల్లా వాళ్ళలో ఎవరో ఒకరు పక్కనే ఉన్నారు. ఒక్కరు కూడా "అదేమిటే, నువ్వు కదూ కేకలేశావు" అనలేదు. వాళ్ళంతా మరిచిపోయారని, నేను గడుసుదాన్నని అనుకుంటూ వచ్చాను. నా గొంతు పెరిగిన చోటల్లా వాళ్ళు తూము ఎత్తి పక్కకి వదిలేస్తున్నారని ఇన్నాళ్ళూ తెలియలేదు.

"కత్తిరించెయ్యనా అమ్మా?" అంది అమ్మాయి నెమ్మదిగా. "ఒక్క నొక్కు చాలు. మూడో చరణానికి నాలుగోది అతికిస్తే ఎవరికీ తెలియదు."

"అంతకన్నానా? కత్తిరించెయ్" అనబోయాను. నోటిదాకా వచ్చింది కూడా. మళ్ళీ అనుమానమొచ్చి అడిగాను - "అతికిస్తే బాగుంటుందా?"

"పాట బాగానే ఉంటుంది. కాకపోతే అంత ఖంగుమని పాడుతున్న మనిషి ఒక్కసారిగా ఎందుకంత సన్నగా పాడిందో ఎవరికీ అర్థం కాదు."

"ఆ దీపంతో నా గొంతు బొత్తిగా వినపడకుండా చేయలేవూ?"

"తగ్గించగలను. లేకుండా చేయడం దీని పని కాదమ్మా."

రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున లేచి కాఫీ తాగుతూ చెప్పాను, "ఉంచెయ్. చెవులు చిల్లులు పడకుండా కాస్త తగ్గించు, చాలు. మీ నాయనమ్మ గొంతు మాత్రం బాగా తెలియాలి." అది ఏమీ అనకుండా వెళ్ళి పనిలో కూర్చుంది.

పెళ్ళి అమలాపురంలో ఘనంగా జరిగింది. తెల్లవారుజామున అప్పగింతలు. పెళ్ళికూతురి చెయ్యి పాలగిన్నెలో ముంచి అత్తగారి చేతిలో పెడుతున్నారు. పాట మొదలైంది. మొదటి చరణానికే సగం పందిరి ముక్కులు ఎగబీల్చింది. రెండు, మూడు అయ్యాయి. నేను స్తంభం చాటున నిలబడ్డాను.

"పాటలిక చాలు లెండి! అక్కడ పప్పు మాడిపోతోంది..."

పందిరంతా గొల్లుమంది. ఏడుస్తున్న పెళ్ళికూతురు కూడా ఫక్కున నవ్వింది. మా తోడికోడలు అటూ ఇటూ చూసి, స్తంభం దగ్గరికి వచ్చి, నా పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకుంది. ఈలోగా నవ్వులు తగ్గుతున్నాయి. కొందరివి వెంటనే, కొందరివి మెల్లిగా. ఆ తగ్గుతున్న నవ్వుల కిందనుంచి మా అత్తగారి సన్నగొంతు పైకొచ్చింది. నాలుగో చరణం అయ్యేదాకా ఎవరూ కదల్లేదు. వియ్యపురాలు పిల్ల చెయ్యి వదల్లేదు.

కారెక్కే ముందు పెళ్ళికూతురు నా కాళ్ళకి దణ్ణం పెట్టడానికి వచ్చింది. కళ్ళు చెమ్మగానే ఉన్నాయి గాని, పెదాల చివర నవ్వు దాగలేదు.

"చిన్న నాయనమ్మా, ఇంతకీ ఆ రోజు పప్పు మాడిందా?"

మావారు చూస్తున్నారు. మా అమ్మాయి చూస్తోంది. మా తోడికోడలు ఇంకా నా చెయ్యి పట్టుకునే ఉంది.

"మాడలేదమ్మా" అన్నాను. "అసలప్పటికి పొయ్యిమీద పప్పు పెట్టనే లేదు."